మరచిపోయినట్టు ధ్రువపత్రం

మా కోటమెరక పురపాలక సంఘానికి పైనుంచి వచ్చే ఉత్తర్వులు రెండు రకాలు. చెయ్యడానికి వీల్లేనివి, ఇదివరకే చేసేశామని రాసిచ్చినవి. పోయిన ఏడాది ఆగస్టులో వచ్చిన ఉత్తర్వు ఏ రకమో తేల్చుకోలేక మా కమిషనర్ పురందరరావుగారు రెండు రోజులు బీపీ మాత్ర వేసుకోలేదు.

'మరుగునపడ్డ మహావీరుడు' అని దాని పేరు. ప్రతి పట్టణమూ జనం మరచిపోయిన ఒక సైనికుడి సమాధిని వెతికి పట్టుకోవాలి. దాని మీద నల్లరాతి ఫలకం నిలబెట్టాలి. అక్టోబరు పదో తేదీలోగా ఫొటో పంపాలి. పట్టణానికి ఒక్కడే. ఇద్దరు దొరికితే ఒకణ్ణి వదిలెయ్యాలి. ఎవరూ దొరక్కపోతే ఎందుకు దొరకలేదో సంజాయిషీ రాసుకోవాలి.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. జననాలు, మరణాలు, శ్మశానాలు, సమాధుల తోటలు, వీధికుక్కలు నా సీటు కిందికి వస్తాయి. వీరులు ఎవరి సీటు కిందికీ రారు కాబట్టి వాళ్ళనీ నాకే వేశారు.

"పక్క మునిసిపాలిటీకి అప్పుడే దొరికాడటయ్యా" అన్నారు కమిషనర్‌గారు దిగులుగా. "మన పట్టణ ప్రజలు ఒక్క వీరుణ్ణి కూడా మరచిపోలేదంటే పైవాళ్ళు ఏమనుకుంటారు?"

నేను దిగులుపడలేదు. నా దగ్గర మనిషి సిద్ధంగా ఉంది.

ఆవిడ పేరు కరుణమ్మ. డెబ్భై ఎనిమిదేళ్ళు. పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, వరండాలో బల్ల చివర కూర్చుంటుంది. చిన్నప్పటి నుంచీ లేసు అల్లి అల్లి చూపు పోగొట్టుకున్న మనిషి. ఇప్పటికీ ఒళ్ళో దారం ఉండ, చేతిలో అల్లే సూది ఉంటాయి. కళ్ళతో పనిలేకుండా వేళ్ళే కన్నాలు లెక్కపెట్టుకుంటాయి. ఆవిడ అర్జీ ఎప్పుడూ ఒకటే. వాళ్ళ నాన్న, లాన్స్ నాయక్ కొండేటి సీమోను, బర్మా యుద్ధంలో పోరాడి వచ్చి అరవై ఎనిమిదో సంవత్సరంలో పోయాడు. సమాధి మీద పెట్టిన చెక్క సిలువని చెదలు తినేశాయి. ఒక రాయి వేయించి పేరు చెక్కిస్తే తను పోయేలోగా చేత్తో తడుముకుని చూసుకుంటుంది. ఇంతే అర్జీ. దానికి పదకొండేళ్ళుగా నేనిచ్చిన జవాబు కూడా ఇంతే. 'పరిశీలనలో ఉన్నది.'

ఆ సోమవారం నేనే లేచి వెళ్ళి, "కరుణమ్మగారూ, మీ నాన్నగారికి రాయి వచ్చేసింది" అన్నాను.

ఆవిడ సూది ఆగింది. "నిజమేనా బాబూ? నాతో ఆటలాడట్లేదు కదా?"

ఆ మధ్యాహ్నమే సమాధుల తోటకి వెళ్ళాను. అక్కడ గోతులు తవ్వే యేసోబుకి డెబ్భై దగ్గరపడ్డాయి. పదవీ విరమణ చేయించి తొమ్మిదేళ్ళయింది కానీ ఆయన స్థానంలో ఎవర్నీ వెయ్యకపోవడం వల్ల, చనిపోయేవాళ్ళు కూడా ఆగకపోవడం వల్ల, ఆయనే తవ్వుతున్నాడు.

"సీమోనుగారాండీ? రండి" అని గునపం భుజాన వేసుకుని నడిచాడు. గేటు దగ్గర్నుంచి నాలుగు నిమిషాలు. పడమటి గోడవార, గానుగచెట్టు నీడలో ఆగి, గడ్డిలో గునపం నెమ్మదిగా దించాడు. ఠంగుమంది.

"ఇదిగోండి, పలికారు."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. యేసోబు నవ్వాడు. "భయమెందుకండీ? రాయి పెట్టుకోలేనోళ్ళకి మా తాతల కాడ్నించీ ఇదే పద్ధతి. ఆళ్ళు తిన్న కంచమో, తాగిన గళాసో తలకాడ మూరెడు లోతున బోర్లించి కప్పెడతాం. రేపు కొత్త గొయ్యి తవ్వబోతే గునపం పలుకుద్ది. లోపల మనిషున్నాడు, పక్కకి జరగరా అని. సీమోనుగారిది మిలట్రీ మగ్గండి. మా నాన్న బోర్లించాడు, నాకు చూపెట్టాడు."

నేను ఆఫీసుకి పరుగులాంటి నడకతో వెళ్ళి కమిషనర్‌గారికి చెప్పాను. ఆయన ముందు సంతోషించారు. తర్వాత ఉత్తర్వు తిరగేశారు. తర్వాత ముఖం వాడిపోయింది.

"ఏడో నిబంధన చదివావా?"

చదివాను. 'సమాధి ఉన్న చోటు ఎవరికైనను తెలిసియున్న యెడల సదరు సమాధి విస్మృత సమాధిగా పరిగణింపబడదు.'

"యేసోబుకి తెలుసు, ఆవిడకి తెలుసు, ఇప్పుడు నీకూ తెలుసు" అన్నారు కమిషనర్‌గారు. "ఇంతమందికి తెలిసిన వీరుణ్ణి మనం ఏ ముఖం పెట్టుకుని మరుగున పడ్డాడంటాం? నిన్ను వెతకమంటే వెతకాలి గానీ వెళ్ళి కనుక్కోవడమేమిటయ్యా?"

తప్పయిపోయిందని ఒప్పుకున్నాను. అయితే ప్రభుత్వం ఏ తలుపూ పూర్తిగా మూసెయ్యదు. ఉత్తర్వు చివర నాలుగో నమూనా పత్రం ఉంది. మరచిపోయినట్టు ధ్రువపత్రం. ముగ్గురు సాక్షులు సంతకాలు పెడితే వీరుడు మరుగునపడినట్టే.

'పైన తెలిపిన వీరుని గాని, అతని సమాధి ఉన్న చోటును గాని నేను పూర్తిగా మరచిపోయినాననియు, ఈ మరపు ఎవరి బలవంతమును లేక నా ఇష్టపూర్వకముగా జరిగినదనియు, ఇకమీదట గుర్తు వచ్చిన యెడల చట్టరీత్యా శిక్షార్హుడననియు ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను.'

యేసోబు ఏ పేచీ పెట్టలేదు. "ఏం మర్చిపోవాలో ఇంకోసారి చెప్పండి బాబూ. ఒకటి మర్చిపోబోయి ఇంకోటి మర్చిపోతే బాగోదు" అని అడిగి తెలుసుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. ఒక నకలు తనకి కావాలన్నాడు. ఇచ్చాను.

రెండో సాక్షి మా అటెండరు, మూడో సాక్షి శానిటరీ ఇన్‌స్పెక్టరు. వాళ్ళు సీమోను పేరు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. విననివాణ్ణి మరచిపోవడం ఎలా చెల్లుతుందని కమిషనర్‌గారికి ధర్మసందేహం వచ్చింది. అందుకని ఇద్దర్నీ కూర్చోబెట్టి సీమోను గురించి పావుగంట చెప్పి, టీ ఇచ్చి, అప్పుడు మరచిపొమ్మన్నాం. శానిటరీ ఇన్‌స్పెక్టరు టీ సగంలో ఉండగానే మరచిపోయాడు. ఆయన మొదటి నుంచీ చురుకైన మనిషి.

ఇక మిగిలింది కరుణమ్మ. రక్తసంబంధీకులు ఎవరైనా బతికి ఉంటే వాళ్ళ మరపు తప్పనిసరి. పత్రం చదివి వినిపించాను.

"మా నాన్నని మర్చిపోయానని నేను సంతకం పెట్టాలా?"

"కాగితం కోసమేనమ్మా. లోపల మీరు గుర్తుపెట్టుకోవచ్చు."

"నేను పోతే ఆయన పేరు పలికేవోళ్ళు ఉండరనే కదా బాబూ రాయి అడిగింది? నేను బతికుండగానే మర్చిపోయానని రాసిచ్చాక ఇంక రాయెందుకు?" అని లేసు సంచిలో పెట్టుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేసింది. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో అప్పుడప్పుడు వేస్తూనే ఉంటుంది, ఒక టీ తాగితే తగ్గుతుంది. ఆ రోజు మూడు టీలు తాగినా తగ్గలేదు.

కమిషనర్‌గారు మాత్రం ఐదు నిమిషాల్లో దారి కనిపెట్టారు. "ఆవిడ ఆయన కూతురే అనడానికి మన రికార్డులో ఆధారం ఏమిటి?"

ఆధారం లేదు. నలభై ఏడో సంవత్సరం జనన రిజిస్టరు నా సీటు వెనక బీరువాలోనే ఉండేది. సీమోను సిలువని తిన్న చెదలే దాన్నీ తిన్నాయని నా అనుమానం.

"అయితే ఆవిడ కూతురు కాదు. సంబంధం లేని వ్యక్తి. సంబంధం లేని వ్యక్తి జ్ఞాపకాన్ని ప్రభుత్వ భాషలో వదంతి అంటారు. వదంతికి నమూనా పత్రం అక్కర్లేదు. రాయి" అన్నారు.

రాశాను. లాన్స్ నాయక్ కొండేటి సీమోను సెప్టెంబరు పద్దెనిమిదిన, సాయంత్రం నాలుగు గంటలకు, అధికారికంగా మరుగున పడ్డాడు.

మర్నాడు కమిషనర్‌గారు జీపు వేసుకుని సమాధుల తోటకి వచ్చారు. "ఊఁ, యేసోబూ, ఎక్కడయ్యా సమాధి?"

యేసోబు తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "మర్చిపోయానండీ."

"వేళాకోళం వద్దు. చూపించు."

"మీరే కదండీ సంతకం పెట్టించారు? గుర్తొచ్చిందంటే శిక్షని ఉందండి అందులో. ముసలోణ్ణి, ఈ వయసులో జైలెందుకండీ నాకు?" అని జేబులోంచి నకలు తీసి చూపించాడు. దాన్ని అప్పటికే ప్లాస్టిక్ కాగితంలో పెట్టించుకున్నాడు.

కమిషనర్‌గారు నా వంక చూశారు. నాకు తెలుసంటే ఏడో నిబంధన మళ్ళీ అడ్డం పడుతుంది కాబట్టి నేను నాపరాళ్ళ వంక చూశాను. అలా ఎక్కడుందో తెలిసిన సమాధి కాస్తా ఎక్కడుందో తెలియకుండా పోయింది.

అప్పుడు రాజధాని నుంచి భూగర్భ నిపుణుడు శశాంక్‌గారిని రప్పించారు. ఆయన చక్రాలమీద నడిచే యంత్రం తెచ్చాడు. భూమిలో లోహం ఉంటే అది కూస్తుంది. సైనికుడన్నవాడి ఒంటిమీద పతకమో గుండీయో ఉండక తప్పదని ఆయన సిద్ధాంతం. పడమటి భాగంలో రాళ్ళు లేని చోటంతా యంత్రాన్ని తిప్పాడు. అది కూసింది. ఇంకో నాలుగడుగులకి మళ్ళీ కూసింది. మధ్యాహ్నానికి ముప్పైయొక్క చోట్ల కూసి, వేడెక్కి ఆగిపోయింది.

"అభినందనలు సార్" అన్నాడు శశాంక్‌గారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "మీ పట్టణంలో ముప్పైయొక్క మంది సైనికులున్నారు. ఒక పటాలం మొత్తం ఇక్కడ వీరమరణం పొందిందని నా ప్రాథమిక అంచనా."

కమిషనర్‌గారికి చెమట పట్టింది. పట్టణానికి ఒక్కడే కదా. మిగతా ముప్పైమందిని ఎక్కడ దాచాలి? యేసోబు నా చెవిలో, "ఆ పటాలంలో మూడో ఆయన ఇడ్లీలమ్ముకునే రత్తమ్మండి. ఆవిడ చట్నీ గరిట పెట్టాం" అన్నాడు.

"ముప్పైయొకటీ తవ్వి చూద్దాం" అన్నారు కమిషనర్‌గారు.

యేసోబు ముఖంలో నవ్వు పోయింది. గునపం మీద చేతులు ఆనించి కాసేపు నేల వంక చూశాడు. అంతమంది తలల దగ్గర మట్టి కదపడం ఆయనకి ఇష్టం లేదు. తర్వాత తల ఎత్తి, ఎంతో వినయంగా అన్నాడు.

"అలాగేనండీ. ఎక్కడో ఓచోట మొదలెట్టాలి కదా. అయ్యగారు ఎండకి మాడిపోతున్నారు. ఆ గానుగచెట్టు కింద కుర్చీ ఏస్తాను, ఆ నీడలో కూసిందాంతో మొదలెడదామండీ."

నీడ అనే మాటకి అభ్యంతరం చెప్పిన అధికారిని నేనింతవరకూ చూడలేదు. యేసోబు కూర్చుని చేత్తోనే మట్టి తీశాడు. మూరెడు లోతున బోర్లించిన ఎనామెల్ మగ్గు బయటపడింది. తెల్లరంగు పెచ్చులూడిపోయింది. అడుగున సుత్తితో కొట్టిన అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు.

నేను ఫైల్లోంచి కరుణమ్మ అర్జీ తీశాను. దానికి కుట్టిన సైన్యం కాగితం మీద నంబరు చదివాను. అవే అంకెలు.

"నా యంత్రం ఎప్పుడూ తప్పు చెప్పదు" అన్నాడు శశాంక్‌గారు.

మగ్గుని ప్రదర్శనకి పంపించాలన్నారు కమిషనర్‌గారు. యేసోబు దాన్ని గుండెకి ఆనించుకుని, "ఇది తీసేత్తే ఇంక ఆయన పలకరండి" అన్నాడు. ఆ గొంతులో ఏముందో గానీ కమిషనర్‌గారు ఫొటోతో సరిపెట్టుకున్నారు. మగ్గు మళ్ళీ బోర్లపడింది.

అక్టోబరు తొమ్మిదిన ఆవిష్కరణ. నిలువెత్తు నల్లరాయి. షామియానా, మైకు, ముగ్గురు వక్తలు. "ఈ మహావీరుణ్ణి మరచిపోయిన ఈ పట్టణాన్ని చూస్తే నా హృదయం ద్రవిస్తోంది" అన్నారు ముఖ్య అతిథి. మరపులో కూడా కోటమెరక జిల్లాకే ఆదర్శంగా నిలిచిందన్నారు కమిషనర్‌గారు. సంబంధం లేని వ్యక్తి కాబట్టి కరుణమ్మని తాడు అవతల నిలబెట్టారు.

అందరూ వెళ్ళాక నేనే తాడు ఎత్తి పట్టుకున్నాను. ఆవిడ రాయి దగ్గరకి వచ్చి, పైవరస మీద వేళ్ళు పెట్టింది. మిషను బడిలో ఐదో తరగతి వరకూ చదివిన అక్షరాలు ఆ వేళ్ళకి ఇంకా గుర్తున్నాయి.

"ఇది నాన్న పేరు కాదే?"

"ముఖ్య అతిథిగారు అమ్మా."

వేళ్ళు కిందికి దిగాయి. "ఇది?"

"కమిషనర్‌గారు."

"ఇది?"

"నిపుణులు."

అలా కాంట్రాక్టరు పేరు కూడా దాటి, దిగి దిగి, చివరికి ఆవిడ నేలమీద కూలబడింది. చీలమండల ఎత్తున, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉంది. వేళ్ళు ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగాయి.

"కొం... డే... టి... సీ... మో... ను." ఆవిడ రెండోసారి చదివింది, మూడోసారి చదివింది. "వచ్చావా నాన్నా?" అంది. యేసోబు అటు తిరిగి గునపానికి అంటిన మట్టిని గీకుతున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ ఆ ఆదివారం కరుణమ్మ కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళింది. ఆవిడ వెనకే చర్చి సంఘస్తులు ఓ నలభై మంది వెళ్ళి పాటలు పాడారు. పేపరువాడెవడో ఫొటో తీసి, 'నాన్నను తలుచుకోని రోజు లేదు' అని శీర్షిక పెట్టి వేశాడు. పది రోజుల్లో పైనుంచి ఆక్షేపణ వచ్చింది.

'పత్రికా కథనమును బట్టి, మృతుని కుమార్తె శ్రీమతి కరుణమ్మ సదరు వీరుని ఏనాడును మరచిపోలేదని తేటతెల్లమగుచున్నది. మరచిపోబడని సమాధిపై ఫలకము నెలకొల్పుట పథక ఉల్లంఘన. కావున ఫలకమును తొలగించి, సమాధిని పూర్వపు విస్మృత స్థితికి తీసుకువచ్చి, నవంబరు ఐదో తేదీలోగా నాలుగో నమూనా పత్రముతో నివేదిక పంపవలెను. తనిఖీ బృందము స్వయముగా వచ్చి మరపును పరిశీలించును.'

కరుణమ్మకి చదివి వినిపించాను. ఆవిడ కోపగించుకుంటుందనుకున్నాను. "మొదటి ముక్క మళ్ళీ చదువు బాబూ" అంది.

"మృతుని కుమార్తె శ్రీమతి కరుణమ్మ."

"అలా రాశారా? గవర్నమెంటోళ్ళే?"

"ముద్ర కూడా వేశారమ్మా."

"ఆ కాగితం నకలు ఒకటి ఇప్పించు." నకలు మడిచి లేసు సంచిలో పెట్టుకున్నాక నెమ్మదిగా అడిగింది. "ఇప్పుడు రాయి పీకేత్తారా?"

పరిశీలనలో ఉన్నదని చెప్పడానికి నోరు రాలేదు.

"తగు చర్య తీసుకో" అని కమిషనర్‌గారు నాకే రాశారు. కాగితం పట్టుకుని యేసోబు దగ్గరకి వెళ్ళాను. అది అక్టోబరు ముప్పైయొకటి.

"పీకాలాండీ?" అన్నాడు.

"పీకడమే అక్కర్లేదేమో. వాళ్ళు వచ్చేసరికి కనపడకపోతే చాలు."

యేసోబు తోట నాలుగు మూలలా చూశాడు. ముఖం మెల్లగా విచ్చుకుంది. "అదెంతసేపండీ? ఎల్లుండి సమాధుల పండగే కదా. సున్నం బస్తా ఒక్కటి ఎక్కువ పంపించండి."

సమాధుల పండగకి ఊళ్ళోవాళ్ళంతా తమవాళ్ళ సమాధులకి సున్నం వేస్తారు. నునుపు రాళ్ళకి మాత్రం ఎవరూ వెయ్యరు, నీళ్ళతో కడుగుతారు. ఆ ఏడాది యేసోబు సిమెంటుది, ఇటుకది, నల్లరాయి, పాలరాయి అని చూడలేదు. నిలబడి ఉన్నదానికల్లా మూడేసి పూతలు పూశాడు. గోడకి పూశాడు. గానుగచెట్టు మొదలుకీ పూశాడు. నవంబరు మూడున తనిఖీ బృందం ఇద్దరు నల్లరాతి ఫలకం ఫొటో చేత పట్టుకుని వచ్చి, తోటంతా రెండు గంటలు తిరిగారు. నలుపన్నది కనిపించలేదు, వాళ్ళ బూట్లు కూడా తెల్లబడ్డాయి.

"ఇక్కడ సీమోను అనే సైనికుడి సమాధి ఎక్కడ?" అని యేసోబుని అడిగారు.

యేసోబు ప్లాస్టిక్ కాగితంలోంచి నకలు చూపించాడు. వాళ్ళు చదివి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, 'ఫలకము కానరాలేదు, సమాధి సంపూర్ణముగా విస్మృత స్థితికి చేరినది, మరపు సంతృప్తికరము' అని రాసుకున్నారు.

కొత్త ధ్రువపత్రానికి మళ్ళీ ముగ్గురు సాక్షులు కావాల్సి వచ్చారు. మొదటి సంతకం యేసోబుది. రెండోది కమిషనర్‌గారిది. పత్రం ముందు పెడితే ఆయన కలం మూత తీస్తూ, "సీమోనా? ఏ సీమోను? ఆ పంపుల రిపేరువాడా?" అన్నారు. ఆ ఫైలు మొత్తంలో నిజాయితీగా పెట్టిన సంతకం అదొక్కటే. మూడో సంతకం నాది. కుమార్తె మరపు గురించి అడగడం పైవాళ్ళే మరచిపోయారు.

కరుణమ్మ ఇప్పుడు సోమవారాలు మా ఆఫీసుకి రావడం మానేసింది. సాయంత్రాలు గానుగచెట్టు కింద నేలమీద కూర్చుని, లేసు అల్లే సూదితో ఆ రాతి అడుగు వరసలో సున్నం గీకుతూ ఉంటుంది. పైనున్న పెద్ద పేర్ల జోలికి ఆవిడ వెళ్ళదు, అవి సున్నంలోనే ఉన్నాయి. చీలమండల ఎత్తున ఒక్క పేరు మాత్రం నల్లగా బయటపడి ఉంది. ఏ అధికారీ అంత కిందికి వంగి చూడడు.

మీకెవరికైనా చూడాలని ఉంటే నన్ను అడక్కండి. నేను మరచిపోయినట్టు సంతకం పెట్టాను. గేటు దగ్గర గునపం పట్టుకుని కూర్చున్న పెద్దాయన్ని అడగండి. ఆయనా మరచిపోయాననే అంటాడు, కాగితం కూడా చూపిస్తాడు. తర్వాత గునపం భుజాన వేసుకుని ముందు నడుస్తాడు. నాలుగు నిమిషాలు పడుతుంది.